సర్టిఫికెట్ వచ్చింది, రిజెక్షన్ తగ్గలేదు

ప్రశ్న: బాలానగర్‌లో మాది ముప్పై మంది పనిచేసే మెషినింగ్ యూనిట్. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్‌ల మీద 25 మి.మీ. వ్యాసం షాఫ్ట్‌లు చేస్తాం. టాలరెన్స్, అంటే సైజులో అనుమతించిన తేడా, ప్లస్ ఆర్ మైనస్ 0.02 మి.మీ. క్వాలిటీ పద్ధతులకిచ్చే ఐఎస్‌ఓ 9001 సర్టిఫికెట్ తీసుకున్నాం, చివర్లో ఇంకో ఇన్‌స్పెక్టర్‌నీ పెట్టాం. అయినా నూటికి ఆరేడు సైజు తప్పి తిరిగొస్తున్నాయి. టోటల్ క్వాలిటీ మేనేజ్‌మెంట్ మాలాంటి చిన్నవాళ్లకు కుదురుతుందా?

జవాబు: తప్పకుండా కుదురుతుంది. టోటల్ క్వాలిటీ అంటే చివర్లో ఏరడం కాదు, ప్రతి విభాగమూ తన పనిలోనే తప్పు రాకుండా చూసుకోవడం. అయితే లేత్ దగ్గర మొదలుపెట్టండి. చివర్లో ఉన్న ఇన్‌స్పెక్టర్ చెడిన ముక్కను పక్కన పెట్టగలడే గానీ తర్వాతది చెడకుండా ఆపలేడు.

ముందు కొలతల సంగతి. మీ టాలరెన్స్ మొత్తం 0.04. పరికరం అందులో పదోవంతు, అంటే 0.004 దాకా చూపగలగాలి. 0.02 వెర్నియర్ ఇక్కడ పనికిరాదు, 0.001 మైక్రోమీటర్ కావాలి. ఎప్పుడు కొలుస్తున్నారో కూడా చూడండి. షాఫ్ట్ 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 25 మి.మీ. ఉక్కు సుమారు 6 మైక్రాన్లు (0.006 మి.మీ.) వ్యాకోచిస్తుంది. వేడి మీద కింది అంచున పాసైన ముక్క కస్టమర్ దగ్గర చల్లగా కొలిస్తే తక్కువ సైజు చూపిస్తుంది.

తర్వాత రెండు వారాలు ప్రతి రిజెక్షన్‌నూ మెషిన్, షిఫ్ట్, లోపం వారీగా గీతలు పెట్టి రాయించండి. సాధారణంగా రెండు మూడు లోపాలే సింహభాగం తినేస్తాయి. వాటినే పట్టుకోండి.

షాఫ్ట్ సైజుకు కంట్రోల్ చార్ట్ పెట్టండి, అంటే కొలతలను వరుసగా చుక్కలుగా పెట్టి, మామూలు హద్దుల్లో ఉన్నాయో లేదో చూసే గ్రాఫ్. గంటకోసారి వరుసగా 5 ముక్కలు కొలిచి సగటు, రేంజ్ (అన్నిటికన్నా పెద్ద, చిన్న కొలతల తేడా) రాయాలి. 25 సార్లు రాశాక సగటు రేంజ్‌ను 0.577తో గుణించి, మొత్తం సగటుకు కలిపితే పై హద్దు, తీసేస్తే కింది హద్దు. రేంజ్‌కు పై హద్దు కావాలంటే సగటు రేంజ్‌ను 2.114తో గుణించండి. ఇవి మీ ప్రాసెస్ హద్దులు, డ్రాయింగ్ టాలరెన్స్ వేరు. రెండూ ఒకే చార్ట్ మీద గీయొద్దు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒక ముక్క 0.01 పెద్దదొచ్చిందని ఆపరేటర్ వెంటనే ఆఫ్‌సెట్ (మెషిన్‌లో టూల్ స్థానాన్ని సవరించే అంకె) 0.01 తగ్గిస్తాడు. నిలకడగా నడిచే మెషిన్‌ను ఇలా ముక్కముక్కకీ కదిలిస్తే వేరియన్స్ (కొలతలు ఎంత చెదురుతున్నాయో చెప్పే లెక్క) రెట్టింపవుతుంది. ఇన్సర్ట్ (లోహాన్ని కోసే మొన) అరిగి సైజు మెల్లగా పెరగడం వేరే విషయం. దానికి ఎన్ని ముక్కలకోసారి ఎంత సవరించాలో ముందే తేల్చి మెషిన్ మీద అంటించండి. చుక్క హద్దు దాటితే మాత్రం ఆపి, ఏం మారిందో చూడాలి: ఇన్సర్టా, కూలెంటా, కొత్త లాట్ రాడ్డా?

ఆ చార్ట్ చూసి ఎవరి జీతమూ కోయకండి, ఎవరినీ తిట్టకండి. తిట్టిన మర్నాటి నుంచి అన్ని రీడింగులూ 25.00 దగ్గరే నిలబడతాయి. అప్పుడిక మీ చేతిలో ఉన్నది ఉత్త కాగితమే.

స్టోర్స్‌లో రెండు లాట్ల రాడ్లు కలిసిపోతే, నెలాఖరు డిస్పాచ్ కోసం చెక్ ఎగ్గొడితే, ఆ తప్పు లేత్ దగ్గర దొరకదు. అందుకే పర్చేజ్, స్టోర్స్, డిస్పాచ్ వాళ్లు కూడా వారానికి అరగంట ఆ చార్ట్ ముందు నిలబడాలి.

ప్రశ్న: క్వాలిటీ సర్కిల్ పెట్టాం, మూడు మీటింగులకే ఆగిపోయింది. ఎందుకు?

జవాబు: మన దేశంలో క్వాలిటీ సర్కిళ్లు 1980లో రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో మొదలయ్యాయి. ఒకే చోట పనిచేసే ఆరు నుంచి పది మంది ఇష్టపడి చేరడం, తమ పనిలోని సమస్యను తామే ఎంచుకోవడం దీనికి పునాది. పేర్లు, సమస్యా రెండూ మేనేజర్ రాసిస్తే అది ఇంకో రివ్యూ మీటింగే. గంట సమయం డ్యూటీలోనే ఇవ్వండి. వాళ్లిచ్చిన సూచనకు వారంలోగా అవుననో కాదనో, కాదంటే కారణంతో సహా, రాతపూర్వకంగా చెప్పండి.