వియన్నాలో రెండు రోజులే ఉంటే సిసి మహారాణి జ్ఞాపకాల్లో ఏవి చూడాలి?

సిసి మీద వచ్చిన సిరీస్ చూశాక ఆవిడంటే ఇష్టం పెరిగిందని, వియన్నాలో రెండు రోజులే ఉంటామని, షోన్‌బ్రున్ ఒక్కటి చూస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. షోన్‌బ్రున్‌లో ప్యాలెస్ కనిపిస్తుంది గానీ సిసి పెద్దగా కనిపించదు. ఆవిడ కోసమే వెళ్తుంటే మొదటి రోజు ఊరి నడిబొడ్డున ఉన్న హోఫ్‌బుర్గ్ రాజభవనం, అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్న కపుచిన్ చర్చి కింది రాజ సమాధులు చూడండి. షోన్‌బ్రున్ రెండో రోజుకి పెట్టుకోండి.

నేను జర్మనీలో ఉంటాను. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా వియన్నా తిప్పే డ్యూటీ నాదే. అన్నిటికన్నా మా అత్తయ్యతో వెళ్లినప్పుడే ఎక్కువ మజా వచ్చింది, ఎందుకంటే ఆవిడ గోడల మీద బంగారం కన్నా కాపురం సంగతులు ఎక్కువ అడిగారు.

కథ క్లుప్తంగా ఇదీ. సిసి అసలు పేరు ఎలిజబెత్. 1837లో మ్యూనిక్‌లో పుట్టింది, బవేరియా డ్యూక్ కూతురు. 1853లో బాడ్ ఇష్ల్‌లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్‌కి చూపించడానికి తీసుకెళ్లింది వాళ్ల అక్క హెలెన్‌ని. ఆయన కళ్లు చెల్లెలి మీద పడ్డాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పెళ్లి, పెళ్లికూతురికి పదహారేళ్లు. పెళ్లికొడుకు తల్లి సోఫీ, పెళ్లికూతురి తల్లి లుడోవికా సొంత అక్కచెల్లెళ్లు. ఇది చెప్పగానే మా అత్తయ్య మ్యూజియం మధ్యలో ఆగిపోయి, "అదేంటమ్మాయ్, వరసకి అన్నాచెల్లెళ్లు కదా!" అన్నారు. ఆస్ట్రియాని ఏలిన హాబ్స్‌బర్గ్ వంశానికి ఆ పట్టింపు లేదు. అత్తగారే పెద్దమ్మ కావడం వల్ల సిసికి ఒరిగిందేమీ లేదు. పిల్లల పెంపకం సోఫీ తన చేతుల్లోకి తీసేసుకుంది. పెద్దకూతురు రెండేళ్లకే, 1857లో హంగరీ ప్రయాణంలో చనిపోయింది. ఆ తర్వాత సిసి జీవితమంతా వియన్నా నుంచి దూరంగా పారిపోవడమే: మదీరా, కోర్ఫూ దీవులు, హంగరీలో గోడోలో ప్యాలెస్, ఇంగ్లండ్‌లో గుర్రపు స్వారీలు.

హోఫ్‌బుర్గ్‌లో సిసి మ్యూజియం, రాజదంపతులు ఉన్న గదులు ఒకే టికెట్ మీద చూడొచ్చు. మ్యూజియంలో గౌన్ల దగ్గర జనం గుమిగూడతారు. నేనైతే ఎక్కువసేపు గదుల్లోనే ఉండమంటాను. ముందు ఫ్రాంజ్ జోసెఫ్‌వి వస్తాయి. దర్శనాల గదిలో ఒక ఎత్తు బల్ల ఉంటుంది. వారానికి రెండుసార్లు దాని దగ్గర నిలబడి, ఆ రోజు వచ్చినవాళ్ల పేర్ల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కో ఉదయం వందమంది దాకా మాట్లాడేవాడు. మాటలు అయిపోయాయని చెప్పడానికి తల చిన్నగా ఊపేవాడు, అంతే, ఇక బయటికి నడవాల్సిందే. పక్కగదుల్లో ఆయన రాతబల్ల, పడుకున్న ఇనప మంచం ఉంటాయి. "యాభై మిలియన్ల మందికి చక్రవర్తి అయ్యుండి హాస్టల్ మంచం మీద పడుకున్నాడా" అని అత్తయ్య జాలిపడ్డారు. తెల్లారకముందే నాలుగింటికల్లా లేచి ఫైళ్ల ముందు కూర్చునే మనిషి. నాకు ఆయన రాజుకన్నా ఎప్పటికీ రిటైర్ కాని గుమాస్తాలా అనిపిస్తాడు.

తర్వాత ఆవిడ గదులు. అలంకరణ గదిలోనే వ్యాయామం. గోడకి ఎక్కే చట్రం, తలుపు చట్రానికి వేలాడే రింగులు ఇప్పటికీ ఉన్నాయి. రాజకుటుంబంలో ఆడవాళ్లు కసరత్తులు చేయడమేమిటని దర్బారు నోరెళ్లబెట్టింది. చీలమండల దాకా ఉండే జుట్టు దువ్వించుకోవడానికే రోజూ రెండు మూడు గంటలు. ఆ టైమ్‌లో హంగేరియన్, గ్రీకు నేర్చుకునేది. రాలిన వెంట్రుకల్ని వెండి గిన్నెలో పెట్టి ఆవిడకి చూపించేవారని గ్రీకు చెప్పిన క్రిస్తోమనోస్ రాశాడు. ఆ పక్కనే రాగి తొట్టి ఉన్న స్నానాల గది చూడండి, 1876లో కట్టించుకుంది. ఆ ఇంట్లో అలాంటి బాత్రూమ్ ఆవిడదే మొదటిది. ఫ్రాంజ్ జోసెఫ్‌కి మాత్రం పనివాడు పొద్దున్నే చెక్క తొట్టి గదిలోకే మోసుకొచ్చేవాడు.

మ్యూజియంలో ఆవిణ్ణి చంపిన ఆకురాయి కూడా ఉంది. 1898 సెప్టెంబర్ 10న జెనీవా సరస్సు ఒడ్డున లుయిజి లుకేని అనే ఇటాలియన్ అరాచకవాది, పదునుపెట్టిన ఆ సన్నటి ఆకురాయితో గుండెలో పొడిచాడు. బిగించి కట్టిన కార్సెట్ (నడుం బిగించే లోదుస్తు) వల్ల రక్తం నెమ్మదిగా కారింది. ఏదో గుద్దాడనుకుని ఆవిడ లేచి నడిచి స్టీమర్ ఎక్కేసింది కూడా.

ఇక సమాధులు. సిసి కన్నా ముందు ఆరో చార్లెస్ చక్రవర్తి శవపేటిక దగ్గర ఆగండి. మూలన చక్రవర్తి కిరీటం పెట్టుకున్న కపాలం ఉంటుంది. పళ్లు ఇకిలిస్తూ మీ మొహంలోకే చూస్తుంది. ఆయన కూతురు మరియా థెరిసా, భర్తతో కలిసి తన పేటిక మీద లేచి కూర్చుని ఒకరినొకరు చూసుకుంటున్నట్టు ఉంటుంది, ఇల్లంత పెద్ద పేటిక. దాని ముందే కొడుకు రెండో జోసెఫ్‌ది ఏ నగిషీ లేని రాగి పెట్టె. ఈయన 1784లో జనానికి అడుగు తెరుచుకునే పేటికలు, అంటే మళ్లీ మళ్లీ వాడుకునేవి తెద్దామని చూసి తిట్లు తిన్నాడు లెండి. లోపలికి వెళ్తే ఫ్రాంజ్ జోసెఫ్ మధ్యలో కాస్త ఎత్తు మీద, ఒక పక్క సిసి, ఇంకో పక్క కొడుకు రుడాల్ఫ్. సముద్రం పక్కన సమాధి కావాలని కోరుకున్న మనిషిని తెచ్చి ఇక్కడే పెట్టారు. ఆవిడ దగ్గర తరచూ హంగరీ జెండా రంగుల రిబ్బన్లతో దండలు కనిపిస్తాయి.

షోన్‌బ్రున్‌కి పొద్దున్నే మొదటి స్లాట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి. మొత్తం 1,441 గదులైనా చూపించేది నలభైయే. టికెట్ కొనేటప్పుడు అందులో "మిలియన్ల గది" ఉందో లేదో చూసుకోండి, చిన్న టూర్‌లో రాదు. ఆ గదిలో మొఘల్ దర్బారు బొమ్మల్ని హాబ్స్‌బర్గ్‌వాళ్లు కత్తిరించి, ముక్కలు కలిపి అతికించి, రోజ్‌వుడ్ గోడల్లో బంగారు చట్రాల మధ్య బిగించారు. మన దేశపు చిత్రకారుల పనిని అలా కత్తెరతో ముక్కలు చేశారంటే నాకు కడుపు మండింది, అయినా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు. తోట ఉచితం, పిల్లలుంటే 1752 నాటి జూ కూడా అక్కడే.

మాయర్లింగ్ గురించి కూడా అడుగుతారేమో. 1889 జనవరిలో రుడాల్ఫ్, ఆయన ప్రియురాలు మేరీ వెట్సెరా చనిపోయిన వేట బంగళా అది. తర్వాత దాన్ని ఫ్రాంజ్ జోసెఫ్ కార్మెలైట్ సన్యాసినుల మఠంగా మార్పించాడు. కారు లేకుండా రెండు రోజుల్లో దాన్ని ఇరికించకండి.