ఆల్ప్స్‌లో సైక్లింగుకు వచ్చే గుంపు బస ఎలా ఎంచుకోవాలి: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. వచ్చే జులైలో మీరు ఎనిమిదిమంది కలిసి వారం రోజులు ఆల్ప్స్ కొండల్లో సైకిళ్లు తొక్కడానికి వస్తున్నారని, ఫ్రాన్సులోని మోర్జీన్ అనే ఊరి చుట్టుపక్కల బస వెతుకుతున్నారని తెలిసి మీ అత్తయ్యా నేనూ చాలా సంతోషించాము. నువ్వు పంపిన మూడు ఇళ్ల ఫొటోలనూ శ్రద్ధగా చూశాను. మూడూ అందంగానే ఉన్నాయి. అయితే ఇల్లు అద్దెకిచ్చేవారు ఫొటో తీసేది బాల్కనీనీ, దాని వెనకనున్న కొండనూ. బురద కొట్టుకుని వచ్చిన ఎనిమిది సైకిళ్లు రాత్రి ఎక్కడ ఉంటాయి, మనుషులనూ సైకిళ్లనూ తీగల మీద కొండపైకి చేర్చే లిఫ్టుల్లో ఆఖరిది ఆగిపోయాక ఇల్లు చేరడానికి మీలో అందరికన్నా అలసినవాడు ఎంత ఎత్తు ఎక్కాలి అన్న సంగతులు ఆ ఫొటోల్లో కనిపించవు. జెనీవాలో స్థిరపడినప్పటి నుంచీ ప్రతి వేసవీ ఆ కొండల్లో తిరుగుతున్నవాడిగా, ఇల్లు ఖాయం చేసే ముందు నువ్వు చూసుకోవలసినవి రాస్తున్నాను.

ఇంటికన్నా ముందు ఊరు చూసుకోవాలి. పోర్ట్ దు సొలే అనే ఆ ప్రాంతం ఫ్రాన్సు, స్విట్జర్లాండు సరిహద్దుకు రెండు వైపులా పరచుకుని ఉంది. ఫ్రాన్సు వైపు మోర్జీన్, లే జే, అవోరియా, షాతెల్. స్విస్ వైపు షాంపెరీ వంటి ఊళ్లు ఉన్నాయి. లిఫ్టులన్నిటికీ ఒకే పాసు తీసుకోవచ్చు. ప్రపంచ మౌంటెన్ సైక్లింగ్ పోటీలు లే జేలో 2004లోనూ 2022లోనూ, షాంపెరీలో 2011లోనూ జరిగాయి. షాంపెరీలోని పోటీ దారి చాలా నిటారైనది, వాన పడితే మరీ ప్రమాదం. 2011లో బ్రిటన్ క్రీడాకారుడు డానీ హార్ట్ ఆ బురదలోనే దిగి ప్రపంచ విజేత అయ్యాడు. అనంతగిరి కొండల్లో ఏళ్లుగా తొక్కుతున్న నీకూ నీ ఇద్దరు స్నేహితులకూ అలాంటి దారులు చూడాలని ఉంటుంది, అది సహజం. కానీ మిగిలిన అయిదుగురిలో ఇద్దరు కిందటి ఏడాదే మొదలుపెట్టారని నువ్వే రాశావు. అందుచేత కొత్తవారు భయం లేకుండా దిగే దారులూ, మీరు కోరుకునే కష్టమైన దారులూ ఒకే ఇంటి గుమ్మం నుంచి అందుబాటులో ఉండే ఊరు మీకు కావాలి.

ఆ లెక్కన మోర్జీన్ సరైన ఎంపికే. ఊరి నడిబొడ్డు నుంచి ప్లెనే లిఫ్టు ఒక కొండకు తీసుకెళుతుంది, అటునుంచి లే జే వైపు వెళ్లి అక్కడి నెమ్మదైన దారుల్లో కొత్తవారు రోజంతా గడపవచ్చు. ఊళ్లో పారే వాగుకు అవతలి వైపు నుంచి సూపర్ మోర్జీన్ గండోలా, అంటే తీగకు వేలాడే గదుల్లాంటి లిఫ్టు, అవోరియా వైపు తీసుకెళుతుంది, స్విస్ సరిహద్దుకు దారి అదే. పొద్దున ఎవరి దారిన వారు వెళ్లినా, సాయంత్రం రెండు కొండల నుంచీ దిగితే చేరేది ఈ ఊరికే. అద్దె సైకిళ్ల దుకాణాలు, మరమ్మతు చేసేవారు, సూపర్ మార్కెట్, మందుల షాపు అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. అవోరియా సుమారు 1800 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల దారుల మధ్యనే ఉన్నట్టు ఉంటుంది కానీ, ఆ ఊళ్లోకి కార్లు రానివ్వరు, సాయంత్రాలు చలి ఎక్కువ, మబ్బు కమ్మితే రోజంతా ఇంట్లోనే కూర్చోవలసి వస్తుంది. లే జే ప్రశాంతమైన ఊరు, పిల్లలతో వచ్చే కుటుంబాలకు బాగుంటుంది. మొదటిసారి వస్తున్న మీ గుంపుకు మాత్రం నేను మోర్జీన్‌నే చెబుతాను.

ఇక ఊరిలో ఎక్కడ అన్నది మరింత జాగ్రత్తగా చూడవలసిన విషయం. ప్రకటనలో “లిఫ్టుకు ఒకటిన్నర కిలోమీటరు” అని ఉంటే దాన్నిబట్టి ఏ నిర్ణయానికీ రాకు. దూరం కన్నా ఎత్తు ముఖ్యం. ఫ్రాన్సు ప్రభుత్వ పటాల సంస్థ ఐజీఎన్ వారి పటం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఎత్తును సూచించే గీతలు ఉంటాయి. ఇంటి ఎత్తు ఎంతో, లిఫ్టు మొదలయ్యే చోటు ఎత్తు ఎంతో చూసి తేడా లెక్కవేసుకో. ఆ తేడా 30, 40 మీటర్లు ఉంటే పరవాలేదు. 150 మీటర్లు ఉంటే మాత్రం, పొద్దున జారుకుంటూ వెళ్లినంత సులభంగా సాయంత్రం తిరిగి రాలేరు. లిఫ్టు ఎక్కి కిందికి దిగడానికే తయారుచేసిన సైకిల్ 16, 17 కిలోలు ఉంటుంది, దానితో ఎత్తు ఎక్కడం రోజంతా కొండలు దిగి చేతులు వాచిపోయినవారికి నిజంగా నరకమే. మూడో ఫొటోలోని ఇల్లు లోయ కింది వైపు ఎస్సెర్ రొమాన్ పల్లెలో ఉంది. అద్దె తక్కువగా ఉండడానికి కారణం అదే. కారులో కొద్ది నిమిషాలే అన్నది నిజమే కానీ, ఎనిమిదిమందినీ ఎనిమిది సైకిళ్లనూ ఒక్క కారు మోయలేదు. రెండు పూటలా రెండేసి విడతలు తిరిగేవాడు ఎవరో ముందే తేల్చుకోవాలి, ఆ పని వారమంతా ఒక్కడి మీదే పడుతుంది.

ఆఖరి లిఫ్టు సంగతి కూడా ఇందులో భాగమే. ఒక్కో లిఫ్టు ఒక్కో వేళకు ఆగిపోతుంది. షాంపెరీ నుంచి మోర్జీన్ రావాలంటే ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతూ రావాలి, మధ్యలో ఒక్కటి తప్పిపోయినా అక్కడే ఉండిపోతారు. పటంలో రెండు ఊళ్లూ పక్కపక్కనే కనిపిస్తాయి కానీ, రోడ్డు మార్గం కొండలన్నీ చుట్టుకుని రావాలి, ట్యాక్సీకి మీ వారం తిండి ఖర్చు పోతుంది. కాబట్టి ఇంటికి దగ్గరలో ఉన్న లిఫ్టు స్విస్ వైపు నుంచి వచ్చేదా, లే జే వైపు నుంచి వచ్చేదా చూసుకుని, మీరు ఎక్కువ రోజులు తిరగబోయే వైపున ఇల్లు తీసుకుంటే మంచిది.

ఫ్రెంచి ప్రకటనల్లో ఎంతమంది పడుకోవచ్చో రాసే అంకెను ఎప్పుడూ ఉన్నదున్నట్టు తీసుకోకు. “మూడు గదులు, ఎనిమిదిమంది” అని ఉంటే ఆ మూడింటిలో హాలు కూడా కలిసే ఉంటుంది. పడక గదులు రెండే. మిగిలినవారిలో ఇద్దరికి హాల్లో సోఫా కమ్ బెడ్, ఇద్దరికి “క్వాఁ మోంతాన్యు” అని రాసే చోటు, అంటే నడవా పక్కన కిటికీ కూడా లేని మూలలో రైలు బెర్తుల్లా ఒకదానిపై ఒకటి బిగించిన మంచాలు. స్కీయింగుకు వచ్చే పిల్లల కోసం కట్టినవి అవి. ఆరడుగుల మనిషి రోజంతా సైకిల్ తొక్కి వచ్చి వాటి మీద నిద్రపోలేడు. హాల్లో పడుకున్నవాడు మిగిలినవారు కబుర్లు ముగించేదాకా మేలుకునే ఉండాలి, పొద్దున్నే కాఫీ పెట్టేవాడి చప్పుడుకు లేవాలి. ఎనిమిదిమందికి నాలుగు నిజమైన పడక గదులు, కనీసం రెండు స్నానాల గదులు ఉన్న ఇల్లు చూడు. పదిమందికి అని ప్రకటించిన ఇల్లు మీకు సరిగ్గా సరిపోతుంది.

వేడినీళ్ల గురించి ఎవరూ అడగరు, నువ్వు మాత్రం తప్పక అడుగు. అక్కడి చాలా ఇళ్లలో కరెంటుతో నడిచే నీళ్ల ట్యాంకు ఉంటుంది. కరెంటు చవకగా ఉండే రాత్రివేళల్లోనే వేడెక్కేలా దాన్ని అమర్చుతారు. 200 లీటర్ల ట్యాంకులో 60 డిగ్రీల నీళ్లు ఉన్నాయనుకుంటే, చన్నీళ్లతో కలిపాక సుమారు 350 లీటర్ల గోరువెచ్చని నీళ్లు వస్తాయి. షవరు నిమిషానికి 10 లీటర్లు తీసుకుంటుంది. ఒక్కొక్కరు ఎనిమిది నిమిషాలు స్నానం చేస్తే అయిదోవాడి ఒంటి మీద సబ్బు ఉండగానే నీళ్లు చల్లబడతాయి. ఆ కొండ నీళ్లు జులైలో కూడా ఎముకలు కొరికేలా ఉంటాయి. ట్యాంకు ఎన్ని లీటర్లది, పగలు కూడా వేడెక్కుతుందా అని రెండు ప్రశ్నలు రాస్తే సరిపోతుంది. యజమాని ఎంత వివరంగా బదులిస్తాడన్నదాన్ని బట్టి ఆ ఇంటిని ఎలా చూసుకుంటున్నాడో కూడా నీకు తెలుస్తుంది.

సైకిళ్లు పెట్టే చోటు విషయంలో నేను ఏ రాజీకీ ఒప్పుకోను. అలాంటి ఊళ్లకు వేల యూరోల సైకిళ్లు వస్తాయని దొంగలకు బాగా తెలుసు. మీరు అద్దెకు తీసుకుంటారు కాబట్టి, సైకిల్ పోతే దుకాణంవారు మీ క్రెడిట్ కార్డు మీదే వసూలు చేస్తారు. “సామాను గది ఉంది” అన్న మాట చాలదు. చాలాచోట్ల అది స్కీలు, అంటే మంచు మీద జారే పొడవాటి పలకలు, నిలబెట్టే సన్నని అలమర మాత్రమే. సైకిల్ హ్యాండిల్ వెడల్పే సుమారు 78, 80 సెంటీమీటర్లు, అందులో ఒక్కటి కూడా పట్టదు. తలుపు ఫొటో, తాళం ఫొటో, లోపలి ఫొటో అడుగు. గది నేలమట్టంలో ఉండాలి, మెట్లు దిగే సెల్లారు అయితే ప్రతి సాయంత్రం మోయలేరు. గోడకు గాని నేలకు గాని బిగించిన ఇనుప కొక్కెం ఉంటే, మంచి గొలుసు ఒకటి ఫ్రేములన్నిటి గుండా పోనిచ్చి దానికి తాళం వేయవచ్చు. అలాంటిదేదీ లేకపోతే, రాత్రికి సైకిళ్లు తమ దగ్గరే ఉంచుకుంటారా అని అద్దె దుకాణాన్ని అడుగు. సైకిళ్లు కడగడానికి బయట నీళ్ల పైపు, తడిసిన బూట్లూ చేతితొడుగులూ ఆరబెట్టడానికి వేడి గది ఉన్నాయా చూడు. జులై, ఆగస్టు మధ్యాహ్నాల్లో ఉరుములతో వాన సర్వసాధారణం, మర్నాటికి ఆరని బూట్లు వేసుకుంటే మడమలు ఒలిచిపోతాయి. మీలో ఎవరైనా ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకునేటట్టయితే ఆ గదిలో ప్లగ్గు ఉండాలి. వాటి బ్యాటరీలను విమానంలో తేనివ్వరు, ఆ సైకిల్ అక్కడే అద్దెకు తీసుకోవాలి.

భోజనం సంగతికి వస్తే, మీలో ముగ్గురు శాకాహారులన్నావు. వంట, భోజనం కూడా ఇంటివారే చూసుకునే షాలేలు, అంటే కొండ ప్రాంతపు చెక్క ఇళ్లు, మోర్జీన్‌లో చాలా ఉన్నాయి, అలసి వచ్చినవారికి అది సౌఖ్యమే. అయితే వారంలో ఒక రాత్రి వంటవారికి సెలవు ఉంటుంది. శాకాహారం అంటే ఏమిటో ముందే విడమరిచి రాయాలి, ఎందుకంటే ఆ ప్రాంతపు తార్తిఫ్లెట్ వంటి బంగాళదుంపల వంటకంలోనూ పంది మాంసం ముక్కలు వేస్తారు. నా మాట వింటే, వంటిల్లు ఉన్న ఇల్లు తీసుకుని ఉదయం, రాత్రి మీరే వండుకోండి. పొయ్యి ఇండక్షన్‌దా, గ్యాసుదా అని అడిగి, దానికి తగ్గ ప్రెషర్ కుక్కర్ ఒకటి, పచ్చళ్లు, పొడులు తెచ్చుకుంటే ఎనిమిదిమందికి అన్నం, పప్పు ముప్పావుగంటలో అయిపోతాయి. తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తెరవండి, లేకపోతే పొగను పసిగట్టే అలారం మోగుతుంది. వేసవిలో ఇళ్లను చాలావరకు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. ఆదివారం మధ్యాహ్నం కొన్ని దుకాణాలు మూసేసి ఉండవచ్చు. కాబట్టి జెనీవా విమానాశ్రయం నుంచి సుమారు గంటన్నర ప్రయాణం చేసి చేరిన సాయంత్రమే సరుకులు కొనుక్కోవాలి.

కొండ మీది పర్వతారోహక సంఘాల గుడిసెల్లో ఒక రాత్రి గడపాలన్న ఆలోచన బాగానే ఉంది, కానీ ఈసారికి వద్దు. పదిమంది పక్కపక్కనే పడుకునే పరుపులు, స్నానానికి నీళ్లు దొరకకపోవడం, అద్దె సైకిళ్లను ఆరుబయట వదిలేయడం మీ గుంపుకు సరిపడవు.

వీసా కోసం బస రుజువు చూపాలి కాబట్టి, వీసా వచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న ఇల్లే తీసుకో. బుకింగ్ పత్రంలో ఎనిమిదిమంది పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించు. రాత్రులన్నీ ఫ్రాన్సులోనే గడుపుతారు గనుక దరఖాస్తు ఫ్రాన్సు వీసాకే చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. స్విస్ వైపు దిగడానికి వేరే వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు మాత్రం సంచిలో ఉంచుకోండి.

అద్దెతో పాటు దుప్పట్లు, తువ్వాళ్లకు విడిగా ఎంత, చివర శుభ్రం చేసినందుకు ఎంత, తలకు రాత్రికి ఇంత అని వేసే పర్యాటక పన్ను ఎంత, డిపాజిట్ ఎంత, అది ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు అన్నవన్నీ కలిపి మూడు ఇళ్లకూ లెక్క కట్టు. చవకగా కనిపించిన ఇల్లు చవకది కాకపోవచ్చు. డబ్బు అందరి దగ్గరా ముందే వసూలు చేసి ఒక్కరి చేతిలో ఉంచండి, ఏ గది ఎవరిదో బయలుదేరక ముందే అనుకోండి, గురక పెట్టేవారికి విడి గది ఇవ్వండి.

రెండో ఫొటోలోని ఇల్లు, వాగు పక్కన ఉన్నది, నాకు నచ్చింది. ప్లెనే లిఫ్టుకు దగ్గర, సూపర్ మోర్జీన్ వైపు కాలినడక వంతెన దాటి వెళ్లవచ్చు, ఎత్తు తేడా దాదాపు లేదు. సైకిళ్ల గది తలుపు గురించీ, నీళ్ల ట్యాంకు గురించీ ఆ యజమానికి ఈ వారమే రాయి. బదులు ఫ్రెంచిలో వస్తే నాకు పంపు, చదివి చెబుతాను. అప్పటిదాకా అడ్వాన్సు కట్టవద్దు.

ఇట్లు,
మీ మామయ్య