దూరవిద్యలో ఎం.ఏ. సోషియాలజీ: చీటీ పాడాలా, బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పలాసలో ప్రైవేటు పాఠశాల టీచరుగా పనిచేస్తున్నాను, జీతం రూ.14,000. మావారు జీడిపప్పు పరిశ్రమలో గుమస్తా. చీటీ కట్టగా నెలకు రూ.2,500 మిగులుతోంది, బ్యాంకులో రూ.18,000 ఉంది. దూరవిద్యలో ఎం.ఏ. సోషియాలజీ చేసి డిగ్రీ కళాశాల అధ్యాపకురాలిని కావాలనుకుంటున్నాను. రెండేళ్ల ఫీజు రూ.20,000 అవుతుందన్నారు. లక్ష రూపాయల చీటీని రూ.20,000 నష్టానికి ఇప్పుడే పాడుకోనా, బంగారం తాకట్టు పెట్టనా?

జవాబు: అమ్మా, రెండూ వద్దు. మీరు ఫీజునే ఖర్చుగా లెక్కవేశారు గానీ, ఉద్యోగం చేస్తూ చదివేవారికి అసలు భారం పరీక్షల రోజుల్లో కనిపిస్తుంది. పరీక్ష కేంద్రం విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో పడితే ప్రయాణానికీ బసకూ ఏడాదికి రూ.6,000, పుస్తకాలకూ జిరాక్సులకూ రూ.2,400 వేసుకోండి. పాఠశాలకు పన్నెండు రోజులు సెలవు పెట్టి జీతం కోత పడితే అది రూ.5,600. ఫీజు రూ.10,000 కలిపితే ఏడాదికి రూ.24,000, అంటే నెలకు రూ.2,000. మీ మిగులులో ఇది ఇముడుతుంది. మొదటి ఏడాది ఫీజు బ్యాంకులోని సొమ్ము నుంచి కట్టి, ఈ నెల నుంచే రూ.2,000 పక్కన పెడుతూ పోతే, తీసిన పదివేలు కూడా రెండేళ్లలో తిరిగి చేరుతాయి.

మొత్తం అవసరం రూ.48,000 అయినప్పుడు, రూ.80,000 చేతికి తెచ్చుకోవడానికి రూ.20,000 వదులుకోవడం నాకు సమంజసంగా తోచడం లేదు. పైగా మిగిలిన ముప్పై రెండు వేలు ఇంట్లో ఏదో ఒక అవసరానికి కరిగిపోతాయి. అయితే ఆ చీటీ 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైనదో కాదో మీరు రాయలేదు. రిజిస్టరు కాకపోతే, నడిపేవారి మీద అనుమానం కూడా ఉంటే, నష్టానికైనా పాడుకుని బయటపడటం వేరే సంగతి; దానికి చదువును కారణంగా చూపుకోవద్దు. దూరవిద్యకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక ఈ చదువు ఫలితమిచ్చేది ఎప్పుడో చూడాలి. అధ్యాపక ఉద్యోగానికి పట్టా ఒక్కటే చాలదు, నెట్ (జాతీయ స్థాయి అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) గట్టెక్కాలి. నెట్ రాయడానికి ఎం.ఏ.లో జనరల్ అభ్యర్థులకు 55 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం మార్కులుండాలి. అందుకే ఏదో ఒకలా పాసైతే చాలుననుకుని చదివితే పెట్టిన డబ్బు వృథా అవుతుంది. నెట్‌లోనే వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకు మరో ఐదేళ్లు సడలింపు ఉంది. అది దక్కి పూర్తికాలం పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 వస్తుంది. మీకు గడువు నాలుగేళ్లే ఉంది కాబట్టి కోర్సును సాగదీయకుండా రెండేళ్లలో ముగించి, చివరి ఏడాదిలోనే నెట్ రాయండి. ఎం.ఏ. ఫలితాలు రాకముందే దాన్ని రాసే వీలుంది. ఒక్క హెచ్చరిక: సోషియాలజీ అన్ని డిగ్రీ కళాశాలల్లోనూ ఉండే సబ్జెక్టు కాదు, ఖాళీలు తక్కువ. అందువల్ల టీచరు ఉద్యోగం మానకండి.

విశ్వవిద్యాలయం ఎంపికలో మాధ్యమం కూడా డబ్బు విషయమే. 1985లో ఏర్పడిన ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఈ ఎం.ఏ. ఇంగ్లిష్, హిందీల్లో ఉంటుంది. డిగ్రీ తెలుగు మాధ్యమంలో చదివినవారు సహజంగానే వెనుకాడతారు గానీ, నెట్ ప్రశ్నపత్రం కూడా ఆ రెండు భాషల్లోనే వస్తుంది కాబట్టి, వెబర్, డర్ఖైమ్ వంటి సామాజిక శాస్త్రవేత్తలను ఇంగ్లిష్‌లో ఇప్పుడే చదవడం తరువాత కోచింగ్ ఖర్చు తగ్గిస్తుందని నా అభిప్రాయం. ఆంధ్ర విశ్వవిద్యాలయ దూరవిద్య దగ్గరిదే, దాన్నీ పరిశీలించండి. ఎక్కడ చేరినా ఆ ఏడాదికి ఆ కోర్సుకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) దూరవిద్యా బ్యూరో అనుమతి ఉందో లేదో చూశాకే, ఫీజును విశ్వవిద్యాలయానికే నేరుగా కట్టండి. ఏడాదిలోనే పట్టా ఇప్పిస్తామనే ఏజెంట్లకు రూపాయి ఇవ్వకండి.

నెలనెలా దాచే సొమ్ముకు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ కుదరదు, దాని గడువు ఐదేళ్లు. బ్యాంకులో ఏడాది గడువు ఆర్.డీ. రూ.1,000తో తెరిస్తే, రెండో ఏడాది ఫీజు కట్టే నాటికి కట్టిన రూ.12,000, దానిపై వడ్డీ కలిపి చేతికి వస్తాయి. మిగతా వెయ్యి పరీక్షల ప్రయాణాలకు పొదుపు ఖాతాలోనే ఉంచండి.