టెన్స్ మెషిన్ పెట్టుకుంటే తుంటికి బలం వస్తుందా?

ప్రశ్న: రెండేళ్లుగా నడుం నొప్పి. తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉన్నాయని, వేరే ప్రమాదమేమీ లేదని డాక్టరు చెప్పారు. టెన్స్ మెషిన్ (చర్మంపై ప్యాడ్లు అంటించి, సన్నని కరెంటుతో నొప్పి తగ్గించే పరికరం) కొన్నాను. పెట్టుకున్నంతసేపు హాయిగా ఉంటుంది, తీసిన గంటకు మళ్లీ మామూలే. రోజూ పెట్టుకుంటే తుంటికి బలం వస్తుందా?

జవాబు: రాదండీ. టెన్స్ కరెంటు చర్మం కింద స్పర్శ తెలిపే నరాలను తడుతుంది, ఆ స్పర్శ సంకేతం వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడుతుంది. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే కాస్త ఊరట కలుగుతుంది చూడండి, దాదాపు అలాంటిదే. దీన్ని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 'గేటు సిద్ధాంతం'గా వివరించారు. ఇందులో కండరానికి పనేమీ పడదు, పని పడని కండరం ఎలా బలపడుతుంది? కండరాన్ని ముడుచుకునేలా చేసే కరెంటు మెషిన్లు వేరే ఉన్నాయి, వాటిని ఫిజియోథెరపిస్ట్ చెబితేనే వాడాలి.

మీరు నడిచేటప్పుడు ప్రతి అడుగులో కాసేపు ఒంటికాలి మీదే ఉంటారు. ఆ క్షణంలో కటి (నడుం కింది ఎముకల గూడు) రెండోవైపుకు వాలిపోకుండా పట్టి ఉంచేది మీ డాక్టరు చెప్పిన ఆ తుంటి పక్క కండరమే. అద్దం ముందు ఒంటికాలిపై నిలబడి చూడండి, ఎత్తిన కాలివైపు నడుం కిందికి జారితే, నిలబడిన వైపు కండరం సరిగా పట్టడం లేదని అనుమానించవచ్చు. అది బలహీనపడి నొప్పి వచ్చిందా, నొప్పి భయంతో కదలక బలహీనపడిందా అన్నది తేల్చడం కష్టం. ఎలా వచ్చినా చేయాల్సింది మాత్రం వ్యాయామమే.

దీర్ఘకాలిక నడుం నొప్పికి టెన్స్‌ను మామూలు చికిత్సగా ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, వ్యాయామాన్ని సిఫారసు చేసింది. అలాగని మీకు హాయినిస్తున్న మెషిన్ పారేయమనను. నొప్పి తగ్గిన ఆ గంటనే వాడుకోండి: పక్కకు తిరిగి పడుకుని పై కాలు నెమ్మదిగా ఎత్తి దించడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకి లేపడం. తేలిగ్గా అనిపించిన కొద్దీ కొంచెం కొంచెం పెంచండి. రెండు మూడు వారాలకు తేడా లేదని నిరాశపడకండి, బలం రావడానికి నెలలు పడుతుంది.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా టెన్స్ వాడకూడదు. స్పర్శ లేని చోట, పుండ్ల మీద, మెడ ముందు భాగంలో ప్యాడ్లు పెట్టవద్దు. కాలు పట్టు తప్పినా, మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా మెషిన్ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.