మామిడి పొడి గడ్డ కడుతోందా?

ప్రశ్న: తోతాపురి మామిడి గుజ్జును ఫ్రీజ్ డ్రై (గడ్డ కట్టించి, అందులోని మంచును శూన్యంలో నేరుగా ఆవిరిగా తీసేసే పద్ధతి) చేయించి పొడి కొట్టించి, ప్లాస్టిక్ డబ్బాల్లో పోశాం. వానలు మొదలవగానే రాయిలా గడ్డ కట్టింది, రంగూ వెలిసిపోయింది. కారణమేంటి? – ఓ పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ముద్దాయి చక్కెర. ఆరిన మామిడిలో అధికభాగం అదే. స్ఫటికంగా మారకుండా గాజులా బిగుసుకుని ఉంటుంది. తేమ తగిలితే ఆ గాజు మెత్తబడే ఉష్ణోగ్రత గది వేడికంటే దిగువకు పడిపోతుంది. రేణువులు జిగటై అతుక్కుంటాయి. పండ్లలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర అయితే పొడిగా ఉన్నా సుమారు 5 డిగ్రీలకే మెత్తబడుతుంది.

దీనికి విరుగుడు గుజ్జును ఫ్రీజ్ చేయించకముందే కలపాలి. 15 బ్రిక్స్ (కరిగిన చక్కెరల శాతాన్ని చెప్పే కొలత) గుజ్జు 10 కిలోలకు మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థం నుంచి తీసే పొడి, గాజు మెత్తబడే ఉష్ణోగ్రతను పెంచుతుంది) 400–500 గ్రాములు కరిగించి, ప్యాకెట్‌పై డీఈ 10 అని ఉన్న రకం తీసుకుని, ఆ తర్వాతే ఫ్రీజ్ చేయించండి. ఇంకా పెంచితే మామిడి రుచి పలచబడుతుంది, అంతదూరం వెళ్లొద్దు. పొడిలో తేమ 3 శాతం దాటకూడదు. వాటర్ యాక్టివిటీ (పొడిలో బంధించబడకుండా ఉన్న నీటిని 0 నుంచి 1 వరకు చెప్పే కొలత) 0.2 దగ్గర ఉంటే మంచిది.

రంగు సంగతి వేరు. ఫ్రీజ్ డ్రై పొడి నిండా సూక్ష్మరంధ్రాలే కాబట్టి గాలి లోపలిదాకా చొరబడి మామిడికి పసుపు రంగునిచ్చే కెరోటిన్‌ను ఆక్సీకరిస్తుంది. అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌లో నైట్రోజన్ నింపి సీలు వేయించండి. ప్లాస్టిక్ డబ్బా చాలదు, పైగా తీసిన ప్రతిసారీ తేమ చేరుతుంది. చిన్న పౌచ్‌లే మేలు. ఫ్రిజ్‌లో పెడితే, గది వేడికి వచ్చాకే విప్పండి. సీలు వేసిన పౌచ్‌ను వారం వారం తూచండి, బరువు పెరిగితే తేమ లోపలికి పోతున్నట్టే.

గడ్డకట్టినదాన్ని మళ్లీ దంచకండి, తేమ అందులోనే ఉంటుంది. వాసన బాగుంటే లస్సీలోకో ఐస్‌క్రీమ్‌లోకో వాడేయండి.