డాక్టర్ సలహా: ఎండల మీద వాదనలతో నిద్ర పట్టడం లేదు.. ఇది జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 34. మాది చిత్తూరు దగ్గర పల్లె. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో వాతావరణ మార్పు మీద రోజూ వాదనలే. సగం మంది 'అంతా బూటకం' అంటారు. మిగతావాళ్లు 'ఇక అయిపోయింది, పిల్లల్ని కనొద్దు' అంటారు. రెండు నెలలుగా నిద్ర లేదు, గుండె దడ. స్నేహితుడు చెబితే రోజూ రాత్రి ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించే, నిద్ర పట్టించే మాత్ర) వేసుకుంటున్నా. మా నాయన (61, బీపీ ఉంది) మాత్రం 'ఎండలు మాకు కొత్తా' అని మోకాళ్ల నొప్పికి బిళ్ల వేసుకుని తోతాపురి మామిడి కోతలకు పోతాడు. వాతావరణ మార్పు మీద బెంగను 'ఎకో యాంగ్జైటీ' అంటారట, నాది అదేనా?

జవాబు: మీరు మీ గురించి అడిగారు. చదివాక నాకు ముందు మీ నాన్నగారి గురించే భయం వేసింది.

ఏ నొప్పి బిళ్లో రాయలేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటిదే అనుకుంటున్నాను. ఆయన బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' ఉందేమో చూడండి. ఉంటే చాలావరకు అందులో మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసి ఉన్నట్టే. తోటలో చెమటగా కొంత నీరు పోతుంది, ఆ మాత్రతో మరికొంత. పైన నొప్పి బిళ్ల పడితే కిడ్నీలకు రక్తం అందడం తగ్గుతుంది. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు కూడా తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. అందరికీ ఇలా అవుతుందని కాదు గానీ, అరవై దాటి బీపీ ఉన్నవాళ్లలో ఈ కలయిక అంటే నాకు జంకు. ఏటా కోతలప్పుడు ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారు, అదీ మూత్రం తగ్గిన మూడో రోజుకి. అడిగితే 'మెడికల్ షాపులో ఇచ్చినారు సార్' అంటారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి ఇచ్చారా?

నొప్పి బిళ్ల ఆపించండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. ఈ వారంలోనే క్రియాటినిన్, సోడియం, పొటాషియం చేయించి, మందు రాసిన డాక్టరుకు చూపించండి. ఎండలో మాట తడబడినా, మనిషి తికమకపడినా 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరండి. అప్పుడు పారాసిటమాల్ పనిచేయదు. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.

ఇక మీ సంగతి. ఎకో యాంగ్జైటీ పేరుతో వైద్య వర్గీకరణలో విడిగా జబ్బు లేదు. మీ ఆందోళన నిజమే. అయినా దడనంతా ఫేస్‌బుక్ ఖాతాలో వేసేముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఈసీజీ చూడాలి. ఆల్ప్రజోలం చీటీ లేకుండా అమ్మకూడని మందు. రెండు నెలలు వాడి ఒక్కసారిగా మానేసినా ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. స్నేహితుడి వైద్యం ఇక్కడితో చాలు.

వాదన అంటారా, 2024 రికార్డుల్లోకెల్లా వేడి సంవత్సరం. ఎన్ని లైకులు పడ్డా ఆ అంకె మారదు. '2021 నవంబరులో తిరుపతి మునిగింది కదా, వేడెక్కడ?' అనేవాళ్లూ ఉన్నారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, అందుకే వేడి పెరిగినా కుండపోత వానలు పడొచ్చు. ఒక్క వానను పట్టుకుని అటో ఇటో తేల్చడం కుదరదు, అంతే. 'అయిపోయింది' అనేవాళ్ల మాటా నిజం కాదు, వేడి ఎంత తక్కువ పెరిగితే నష్టం అంత తక్కువ. ఇంతకుమించి రాత్రి పదకొండింటికి ఎవరికీ జవాబివ్వనక్కర్లేదు. ఫోను వంటింట్లో చార్జింగుకు పెట్టి పడుకోండి.

ఆసుపత్రికి ఇద్దరూ కలిసే వెళ్లండి. వాడిన మాత్రల అట్టలన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి.