ఆ చుక్కను వదలకు

తమ్ముడూ,

నానోతీగల మీద, అంటే కంటికి ఆనని అతి సన్నటి తీగల మీద, నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో మూడు పేజీలు రేపటి ఫోన్లు, కంప్యూటర్ల ఊసే. అవి కొట్టేశాను, ఏమీ అనుకోకు. అసలు సంగతి మూడో పేజీ అడుగున ఒక్క ముక్కలో తేల్చేశావు: "బంగారం ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది." నువ్వు ఆగాల్సింది అక్కడే.

తీగ జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు వస్తుందన్న నీ పోలిక చూడముచ్చటగా ఉంది కానీ తప్పు. తీగను ఎవరూ పిండడం లేదు. బంగారం కరగాలంటే 1064 డిగ్రీల సెల్సియస్ కావాలి, సిలికాన్‌కి 1414. రెండూ తగుపాళ్లలో కలిస్తే మాత్రం 363కే నీరైపోతాయి. ఇంత వింత చేతిలో పెట్టుకుని రాయకుండా ఎలా ఉన్నావయ్యా! సిలికాన్ ఉన్న వాయువును అలా కరిగిన చిన్న చుక్క మీదికి వదిలితే, అది అక్కడ విడిపోయి, సిలికాన్ చుక్కలోకి దిగుతుంది. ఇక పట్టనంతగా చేరాక అడుగున పొర మీద పొరగా పేరుకుంటుంది. చిక్కటి పాకంలో దారానికి పటికబెల్లం కట్టడం చూశావుగా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ పాకం చుక్కే తీగ నెత్తినెక్కి, తీగతో పాటు లేస్తుంది. చుక్క ఎంత లావో తీగ దాదాపు అంతే లావు. 1964లో బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ చెప్పింది ఇదే.

"బంగారం చెక్కుచెదరదు" అని నేనూ ఒకప్పుడు రాశాను. ఒక లెక్చరర్ గారు కార్డు ముక్క మీద చీవాట్లు పెట్టారు. సిలికాన్ తీగలు పెరుగుతుండగానే మైక్రోస్కోపులో చూసినవాళ్లు 2006లో చెప్పిందేమిటంటే, చిన్న చుక్కల్లోని బంగారం పాకుతూ వెళ్లి పెద్ద చుక్కల్లో చేరుతుంది. చుక్క చిక్కిపోతే తీగా సన్నబడుతుంది. చుక్క మాయమైతే ఎదుగుదలే ఆగిపోతుంది. చారు మీద నూనెచుక్కలు కలిసినట్టు అని రాసేవు, వద్దు. ఇవి ఒకదాన్నొకటి తాకవు.

గాలియం, ఆర్సెనిక్ కలిసిన గాలియం ఆర్సెనైడ్ తీగల్లో ఇంకో తమాషా. చుక్క ఎంత ఉబ్బుగా కూర్చుందన్న దాన్ని బట్టి స్ఫటికంలో పరమాణువుల అమరికే మారిపోతుంది. దీనికి ఒక పేరా చాలు, సాగదీయకు.

ఆదివారంలోగా తిరగరాసి పంపు. మొదటి పేజీలో "ఉత్ప్రేరకం" అన్న మాట కనపడకూడదు.